కమలమ్మ ఇంట్లో ఉండిపోయిన గౌను

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే వాళ్ళను విసిగించేదాన్ని నేనే. టైమెంత, లైటు వెలుగుతోందా, ఇంకెవరు చూశారు, చూసినవాళ్ళు అంతకుముందు నిద్రపోయారా అని అడిగేదాన్ని. తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే రోజుల్లో, హాస్టల్ పై అంతస్తులో గజ్జెలు మోగుతున్నాయని అమ్మాయిలు దుప్పట్లు కప్పుకుంటే, పైకి పోయి కిటికీ ఊచకు తగులుతున్న తీగను విప్పి తెచ్చి చూపించాను.

ఇప్పుడు ఆ ప్రశ్నలన్నీ నన్ను నేనే వేసుకుంటున్నాను. ఒక్కొక్కదానికీ జవాబు ఉంది. అన్నీ కలిపితే మాత్రం అర్థం రావడం లేదు.

చిత్తూరులో మా అత్తగారింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. పిల్లలిద్దరూ నిద్రపోయారు. మూడు రోజుల్లో మళ్ళీ ప్రయాణం. వెళ్ళేలోపు రాసి పెట్టుకోవాలనిపించింది.

మూడేళ్ళ కిందట మా ఆయన ఇక్కడి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి న్యూజిలాండ్‌లో పళ్ళరసాల కంపెనీలో చేరారు. ముందు ఆయన వెళ్ళారు. ఎనిమిది నెలలకు మాకు వీసాలు వచ్చాయి. అప్పటికి పాప వైష్ణవికి నాలుగేళ్ళు, బాబుకు ఏడు నెలలు.

టికెట్ల కోసం తిరుపతిలో ఒక ట్రావెల్ ఆఫీసుకు వెళ్ళాను. రెండు రకాలు చూపించారు. ఒకటి మధ్యలో రెండు గంటలు మాత్రమే ఆగేది. రెండోది బాగా చవక. కానీ మంగళవారమే ఉంది, కౌలాలంపూర్‌లో పద్నాలుగు గంటలు ఆగాలి.

"చంటిబిడ్డతో అంతసేపు కష్టం మేడమ్. సార్‌ను అడిగి చెప్పండి," అన్నాడు ఆఫీసు ఆయన.

అడిగాను. మా ఆయన మొదటిదే తీసుకోమన్నారు. నేను రెండోది తీసుకున్నాను. మిగిలిన డబ్బుతో అక్కడ పిల్లలకు మంచాలు కొనొచ్చనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఎనిమిది నెలలుగా అన్నీ నేనే చూసుకుంటున్నాను, ఇది మాత్రం చేయలేనా అని పంతం. పద్నాలుగు గంటలంటే ఏముంది, కూర్చోవడమే కదా అనుకున్నాను.

మంగళవారం అనగానే అత్త చేతిలో ఉన్న చేట కింద పెట్టేసింది. "మంగళారం పూట పిలకాయల్ని గడప దాటిస్తావా మే? టికెట్టు కొనేముందు ఒక మాట అడగాల్సింది."

"అడిగింటే విమానం వాళ్ళు బుధవారానికి మార్చేవాళ్ళా?" అని మామ నవ్వాడు.

దానికి మా వైపు ఒక దారి ఉంది. పరస్థానం పెట్టడం అంటారు. బయల్దేరాల్సిన రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ఘడియలో ప్రయాణం చేసేవాళ్ళ బట్ట ఒకటి సంచిలో పెట్టి, దారిలో ఉన్న వేరే ఇంట్లో ఉంచుతారు. ఆ ఘడియకే ప్రయాణం మొదలైనట్టు లెక్క. అసలు రోజున ఇంట్లోంచి బయటికొచ్చి, ఆ సంచి తీసుకుని, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోవాలి.

అత్త ఆదివారం ఉదయం పసుపు గుడ్డ సంచిలో చేతికందిన బట్ట ఒకటి వేసింది. అది వైషూ మామిడిపండు రంగు గౌను. ఒకరిది పెడితే అందరికీ పెట్టినట్టే అంది. దాన్ని వీధి చివర కమలమ్మ ఇంట్లో పెట్టి వచ్చింది. కమలమ్మ అత్తకంటే పెద్దది, ఒంటరిగా ఉంటుంది. పాప ఆమెను కమలవ్వ అని పిలిచేది. సగం రోజు ఆమె వరండాలోనే ఆడుకునేది.

ఇంకో సంగతి చెప్పాలి. వీసా వస్తే పాపకు గుండు కొట్టిస్తానని అత్త మొక్కుకుంది. అందుకని ప్రయాణానికి వారం ముందు కొండకు వెళ్ళి తలనీలాలు ఇచ్చి వచ్చాం. పాప నెత్తి మీద కత్తి గాట్లు రెండు మూడు పడ్డాయి. మంటగా ఉందని ఏడిస్తే కమలమ్మ సానరాయి మీద గంధం అరగదీసి పూసేది.

మంగళవారం సాయంత్రం కాలువ పని కోసం మా వీధిని ఒక పక్క తవ్వేశారు. టాక్సీ కమలమ్మ ఇంటి వైపు రాలేక అవతలి చివర నిలబడింది. సరిగ్గా బయల్దేరేటప్పుడు బాబు పాలు కక్కాడు. వాడి చొక్కా మార్చి, పెట్టెలు మోసుకుని, అవతలి చివరకు పరుగెత్తాం. రాణిపేట దగ్గర డ్రైవరు టీకి ఆపినప్పుడు నాకు సంచి గుర్తొచ్చింది.

మమ్మల్ని విమానం ఎక్కించడానికి వచ్చిన మామ టీ గ్లాసు కింద పెట్టాడు. "గౌను కోసం ఇంత దూరం వెనక్కి పోతే విమానం పోతాది. ఆడనే ఉండనీలేమ్మా. కమలమ్మేమీ దాన్ని తొడుక్కోదులే," అన్నాడు.

నేను నవ్వేశాను.

కౌలాలంపూర్‌లో దిగేసరికి తెల్లవారింది. మేము ఆగాల్సిన చోట ఒక ఉద్యోగిని మధ్యాహ్న భోజనానికి కూపన్లు ఇచ్చి, గుర్తుగా మా గుండెల మీద నారింజ రంగు గుండ్రటి స్టిక్కర్లు అతికించింది. పాపకు అది బాగా నచ్చింది. మాటిమాటికీ తడుముకుంటూ ఉంది.

ఆ హాలు ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. నడిస్తే చప్పుడు రాని తివాచీ. ఒక గోడంతా అద్దం. అద్దానికి అవతల పెద్ద వాన, దాని శబ్దం మాత్రం లోపలికి రాదు. తడుస్తున్న విమానాలు చెరువులో బర్రెల్లా కదలకుండా ఉన్నాయి. ఏ భాషో తెలియని ఆడగొంతు మెల్లగా ఏవో ఊళ్ళ పేర్లు చెబుతోంది. మనుషులు కుర్చీల్లో పడి నిద్రపోతున్నారు, లేచి వెళ్ళిపోతున్నారు, వాళ్ళ చోట్లలో ఇంకెవరో వచ్చి నిద్రపోతున్నారు. పొద్దున్నో సాయంత్రమో తెలియడం లేదు. నా చేతి గడియారం మన టైములోనే ఉంచాను. అదొక్కటే నాకు పట్టుకొమ్మలా అనిపించింది.

ఏసీ చల్లదనానికి పాప నెత్తి పొడిబారింది. "మంట, మంట" అంటోంది. కొబ్బరినూనె సామాన్లతో పాటు వెళ్ళిపోయింది. కాసేపు ఓర్చుకోమన్నాను. టోపీ గుచ్చుకుంటోందని తీసి నా చేతికిచ్చింది. నా కాళ్ళ దగ్గర కూర్చుని బొమ్మలకు రంగులు వేసుకుంటోంది. నేను చున్నీ కప్పుకుని బాబుకు పాలిస్తున్నాను. గడియారంలో పన్నెండూ ఇరవై. చూసిన గుర్తు ఉంది. తర్వాత కళ్ళు మూసుకున్నాను. నిద్రపోలేదు. అలా అని ప్రమాణం చేయలేను.

కళ్ళు తెరిచేసరికి రంగు పెన్సిళ్ళు ఉన్నాయి. పాప లేదు.

ముందు కుర్చీల వెనక చూశాను. తర్వాత బాత్రూములు, నీళ్ళ కుళాయి, పిల్లలు ఆడుకునే మూల. బాబును భుజాన వేసుకుని వేగంగా నడుస్తున్నాను, కానీ పరుగెత్తలేదు. పిలుస్తున్నాను, కానీ మెల్లగా. అంతమంది విదేశీయులు నిద్రపోతున్నారు, వాళ్ళ మధ్య గట్టిగా అరవడానికి సిగ్గేసింది. ఈ మాట రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

కౌంటరు దగ్గరికి వెళ్ళి పాస్‌పోర్టు తీసి ఫోటో చూపించాను. వాళ్ళు మైకులో చెప్పారు. ఇద్దరు గార్డులు వచ్చారు. తమిళం తెలిసిన ఒక శుభ్రం చేసే ఆమెను నాకు తోడు పంపారు. చిత్తూరు వాళ్ళం కనుక నాకూ తమిళం వచ్చు. ఆమె దారిలో కనబడిన ప్రతివాళ్ళకూ ఫోటో చూపించి, రెండు జడల పాప, రెండు జడల పాప అని అడిగింది. అందరూ లేదన్నారు.

ఎంతసేపయ్యిందో. మొదట కూర్చున్న కుర్చీల దగ్గరికే నన్ను మూడోసారి తీసుకొచ్చి, నా గుప్పిట్లో ఉన్నదాన్ని చూసి, "ఈ టోపీ ఎవరిదమ్మా?" అని అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. నా బిడ్డకు జడలు లేవు. గుండు. ఇంతసేపూ ఈ లోకంలో లేని పిల్ల కోసం అందరినీ తిప్పాను. కన్నతల్లిని, నా బిడ్డ ఎలా ఉందో నేనే మర్చిపోయాను.

అప్పుడు అరిచాను. "వైషూ" అని, మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పిలిచినట్టు, గొంతు చీలిపోయేలా అరిచాను. నిద్రపోతున్నవాళ్ళంతా లేచారు. బాబు ఏడుపు అందుకున్నాడు.

"అమ్మా," అంది పాప.

నా వెనకే ఉంది. మేము మొదట కూర్చున్న వరుసలోనే, గోడకు ఆనుకుని, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆ చోటు మూడుసార్లు చూశాను. నాతో ఉన్నామె కూడా చూసింది. గడియారంలో ఒకటీ ఇరవై.

ముందు ఒక దెబ్బ వేశాను. తర్వాత గుండెకు అదుముకున్నాను. నా గడ్డానికి ఏదో చల్లగా తగిలింది. పాప నెత్తి నిండా తడి గంధం. ఇప్పుడే రాయి మీద నుంచి తీసి పూసినంత తడి. నాతో ఉన్నామె వేలితో ముట్టుకుని వాసన చూసింది. "సందనమా?" అని నన్ను అడిగింది. నేను తలూపాను. ఆమె ఆ వేలిని తుడుచుకుని, పాప దొరికిందని కౌంటరులో చెప్పడానికి వెళ్ళింది.

"యాడికి పోయినావు?" అని పాపను అడిగాను.

"కమలవ్వింట్లో ఉన్నా. నువ్వు పిలవనే లేదు," అంది.

గంధం కడగలేదు. ఆక్లాండ్ చేరేలోపు ఎండి, పెచ్చులుగా నా ఒడిలో రాలింది.

మా ఆయనకు ఏమీ చెప్పలేదు. చవక టికెట్ వద్దని ఆయన ముందే చెప్పారు కదా. చిత్తూరుకు అసలే చెప్పలేదు. పదో రోజున ఫోన్ కార్డు కొని అత్తతో మాట్లాడాను. క్షేమ సమాచారాలన్నీ అయ్యాక ఆమే చెప్పింది.

"కమలమ్మకు మతి తప్పతా ఉన్నట్టుండాది మే. మీరు పోయిన మర్సనాడు మజ్జాన్నం మన పాప వాళ్ళింటికి వచ్చినాదంట. సంచి పక్కన కూచోనుండాదంట. రొమ్ము మీద నారింజపండు రంగు బిళ్ళ అతికించుకోనుండాదంట. ఊరంతా చెప్తా ఉండాది."

ఆ బిళ్ళను కౌలాలంపూర్‌లోనే అతికించారు. చిత్తూరులో ఎవరికీ తెలిసే దారి లేదు. కార్డులో డబ్బులు అయిపోతున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఈ నెల మొదట్లో సెలవులకు వచ్చాం. వచ్చిన మరునాడే కమలమ్మ ఇంటికి వెళ్ళాను. మనిషి చిక్కిపోయింది కానీ మాట, చూపు అన్నీ బాగానే ఉన్నాయి. పసుపు సంచి అదే గూట్లో, అలాగే ఉంది. అత్త అడిగినా ఇవ్వలేదట. ప్రయాణం పోయినవాళ్ళే తీసుకోవాలి అందట.

నేను ఏమీ చెప్పకుండా, ఆ రోజు ఏం జరిగిందో ఆమెనే చెప్పమన్నాను. వక్కాకు నములుతూ, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది.

"బళ్ళో అన్నం గంట కొట్టినారు. కొంచేపటికి సూస్తే గూటి కింద కూచోనుండాది. మీరు పోలేదా మే అని అడిగితే, అమ్మ కండ్లు మూసుకోనుండాది అవ్వా, నెత్తి మండతా ఉండాది అనింది. సరేలే అని గంధం అరగదీసి పెట్టినా. పెరుగన్నం కలపను లోపలికి పోయినాను. అప్పుడు వీధిలో నీ గొంతు ఇనపడింది. వైషూ అని ఒకటే అరుపు. బయటికొచ్చేతలికి పాప లేదు, నువ్వూ లేవు. తల్లి వచ్చి పిల్సుకపోయిందిలే అనుకొని ఆ అన్నం నేనే తిన్నా."

నా ముఖం వైపు చూసింది. "అంతసేపు ఈడనే ఉన్నింది గదా బిడ్డ. ముందే గట్టిగా పిలిచుంటే ముందే వచ్చుండును. ఏల పిలవలేదు మే?"

గూట్లోంచి సంచి తీసుకుని ఇంటికి వచ్చేశాను.

చేతనైనంత ఆలోచించాను. గంధం ఎవరైనా ప్రయాణికులు పూసి ఉండొచ్చు. కమలమ్మ కునుకులో కల కని ఉండొచ్చు. పాప కుర్చీల కింద దాక్కుని ఉండొచ్చు. విడివిడిగా చూస్తే మూడూ నమ్మగలను. ఆ బిళ్ళ దగ్గరికి, నా అరుపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. పాపను అడిగితే ఇప్పుడు ఏమీ గుర్తు లేదంటుంది. మామిడిపండు రంగు గౌను దానికి మోకాళ్ళ పైకి వచ్చింది. భుజం దగ్గర వేలెడు గంధం మరక ఉంది. అది పాతదో కొత్తదో నేను చెప్పలేను.

ఈసారి కూడా టికెట్ మంగళవారానికే దొరికింది. ఈ ఉదయం అత్త పసుపు సంచి తెచ్చి, పిల్లల బట్ట ఒకటి ఇమ్మంది. ఇవ్వలేదు. నా చీర మడిచి పెట్టి, నేనే తీసుకెళ్ళి కమలమ్మ గూట్లో ఉంచి వచ్చాను. నమ్మానని కాదు. ఈసారి ఎవరైనా ఇక్కడ ఉండిపోవాల్సి వస్తే అది పిల్లలు కాకూడదు.