గాజుకు అవతలి చెల్లెలు

మా ప్రయోగశాలలో ఎసిటిక్ ఆమ్లం సీసా మూత తీసిన ప్రతిసారీ మా నాన్న గదిలోకి వచ్చినట్టు ఒక్క క్షణం అనిపిస్తుంది. ఇందులో మర్మమేమీ లేదు. ఆబిడ్స్‌లోని ఒక ఫొటో స్టూడియో చీకటి గదిలో ఆయన ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాడు; ఫొటో కాగితాన్ని కడిగే మందుల్లో ఆ ఆమ్లం ఒకటి; సాయంత్రం ఇంటికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టినప్పుడు సబ్బుకు లొంగని ఆ పుల్లని ఘాటు ఆయన వేళ్లనుంచి నా జుట్టులోకి దిగేది. వాసనకు జ్ఞాపకాన్ని లేపే శక్తి ఉందని అందరికీ తెలిసిందే. తెలిసినా, సీసా మూత పెట్టేటప్పుడు నేను ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను.

చెప్పబోయే సంగతిలో రూఢి అయినవి కొన్ని, విన్నవి కొన్ని. మా చెల్లెలు అనుకున్నదానికంటే ఏడు వారాలు ముందుగా, జనవరిలో, నాంపల్లి ఎగ్జిబిషన్ సాగుతున్న రోజుల్లో పుట్టింది. దవాఖాన వాళ్లు ఇచ్చిన చీటీ నా దగ్గరుంది కనుక అది రూఢి. ఆ పిల్ల పుట్టాక చాలా రోజుల వరకు నాకు చూపించలేదన్నది అమ్మ కూడా ఒప్పుకుంటుంది. ఆ రోజుల్లో తీసిన ఒకే ఒక్క ఫొటోలో పిల్ల ఒంటరిగా లేదన్నది ఎవరైనా చూసి చెప్పగలరు. ఇక, అమ్మ జెయింట్ వీల్ ఎక్కడం వల్లే నొప్పులు ముందుగా వచ్చాయన్నది ఇరుగుపొరుగు మాట. తాను ఎక్కలేదనీ, కింద నా చెప్పులు పట్టుకుని నిలబడిందనీ అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఫొటో తీసిన సమయంలో దవాఖాన వరండాలో ఎవరూ లేరన్నది నాన్న ఒక్కడి మాట. నా జ్ఞాపకాన్ని కూడా విన్నవాటిలోనే వేసుకుంటున్నాను. ఏడేళ్ల పిల్ల చూసినదానికి నలభై దగ్గరపడిన నేను పూచీ పడలేను.

నాంపల్లి స్టేషన్‌కు కూతవేటు దూరంలో, ఒక పాత మేడ పైఅంతస్తులో మాకు రెండు గదులు కిరాయికి ఉండేవి. రైళ్ల రాకపోకల ప్రకటనలు గాలి వాటాన్ని బట్టి ఒక్కోసారి మా వంటింట్లోనే ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించేవి. జనవరి అంటే మాకు పొద్దుటి మంచు, మధ్యాహ్నం పతంగులు, మాంజా తెగ్గోసిన వేళ్లకు పసుపు, క్రిస్మస్‌కు చేసి డబ్బాలో ఇంకా మిగిలిన, కజ్జికాయల్లాంటి గరిజెలు, వసారాలో వెలిసిపోతూ ఇంకా వేలాడే కాగితపు నక్షత్రం. సాయంత్రమైతే ఎగ్జిబిషన్ మైదానం నుంచి మిర్చి బజ్జీల నూనె వాసన, లౌడ్‌స్పీకర్లలో తప్పిపోయిన పిల్లల పేర్లు వచ్చేవి. డాబా మీదికెక్కితే జెయింట్ వీల్ కనిపించేది. పగటిపూట అది కదిలేది కాదు. ఖాళీ పెట్టెలు వేలాడేసుకుని, ఎవరికోసమో ఆగినట్టు నిలబడి ఉండేది.

ఒక మధ్యాహ్నం అమ్మ ఎండలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఏరుతూ చేట కింద పెట్టింది. మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే కింది ఇంటి ముస్లిం ఆవిడ వచ్చింది, ఆటో వచ్చింది, స్టూడియో నుంచి నాన్న వచ్చాడు. చేట రెండు రోజులు అక్కడే ఉంది. మూడో రోజు మెదక్ దగ్గరి ఊరినుంచి మా నానమ్మ, అంటే నాన్నను కన్నతల్లి, సంచీలో బైబిలు, జొన్నపిండి మూటతో దిగింది. వస్తూనే ఆమె చేసిన మొదటి పని, అటక మీద ఉన్న నా పాత ఉయ్యాల తొట్టెల మీద దుప్పటి కప్పి, ముఖాన్ని గోడవైపు తిప్పినట్టు దాన్ని అటు జరపడం.

"నానమ్మా, చెల్లె పుట్టిందట గదా?"

"పుట్టలె."

"నాన్న చెప్పిండు, పుట్టిందని."

"మీ నాన్నకేమెరుక? నెలలు నిండలె. నిండినంక వస్తది. ఎవలన్న అడిగితే ఇంకా కాన్పు గాలేదను. సమజైందా బిడ్డా?"

దీని వెనక ఉన్నది నాకు చాలా ఏళ్లకు తెలిసింది. నానమ్మకు మా నాన్నకంటే ముందు ఇద్దరు పిల్లలు నెలలు నిండకుండా పుట్టారు. ఇద్దరినీ సంబరంగా ఎత్తుకుంది, ఊరంతా కబురు పంపింది, బైబిలు మొదటి పేజీలో పేర్లు రాసింది. రెండుసార్లూ వారం తిరగకుండా ఆ పేర్ల పక్కనే రెండో తేదీ కూడా రాయాల్సి వచ్చింది. తొందరపడి వచ్చిన పిల్లను తొందరపడి పిలిస్తే, ఆ పిలుపు పిల్లతోపాటు పిల్లల్ని ఎత్తుకుపోయే ఆమెకూ వినిపిస్తుందని ఆమె పుట్టినూళ్లో నమ్మేవారట. మూడు తరాలుగా చర్చికి వెళుతున్న ఇల్లు మాది. అయినా ఆ నమ్మకం మాత్రం బాప్తిస్మం తీసుకోకుండా మా ఇంట్లోనే ఉండిపోయింది. కాబట్టి నానమ్మ లెక్కలో ఏడు వారాలు గడిచేదాకా మా ఇంట్లో ఎవరూ పుట్టకూడదు.

వారానికి అమ్మ ఇంటికి వచ్చింది, ఒక్కతే. పొట్ట లేదు. అయినా నానమ్మ ఆమెతో, "బిందె ఎత్తకు, ఎనిమిదో నెల" అనేది; "ఎడమ దిక్కు తిరిగి పండు, పిల్లకు మంచిది" అనేది. అమ్మ ఎడమవైపు తిరిగి పడుకునేది. రోజుకు మూడుసార్లు తలుపు దగ్గరికి వేసుకుని, చిన్న స్టీలు గ్లాసులో పాలు పిండి, దాని మీద వేన్నీళ్లలో మరిగించి ఆరబెట్టిన గుడ్డ కప్పి, ఆటోలో ఎక్కడికో తీసుకెళ్లేది. గ్లాసు ఖాళీగా తిరిగొచ్చేది. ఆ పాలు ఎవరు తాగుతున్నారో నాకు తెలియదు. అడగడానికి భయం వేసేది. అటక మీది తొట్టెల కింద నేను ఒక్కదాన్నే చింతగింజలతో అష్టాచెమ్మా ఆడుకుంటూ, దుప్పటి కదులుతోందా అని మధ్యమధ్య తల ఎత్తి చూసేదాన్ని.

ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక పాస్టరమ్మ నా గడ్డం పట్టుకుంది. "ఏందే, అమ్మ రాలె? కాన్పయిందా?"

"ఇంకా కాలేదండీ" అన్నాను. శిలువ ఎదురుగానే అన్నాను. ఏమీ జరగలేదు. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది: నేను చెప్పింది అబద్ధం కాకపోతే? చెల్లె ఉందని చెప్పినవాళ్లెవరూ నాకు చూపించలేదు. లేదని చెప్పిన నానమ్మ మాటకు తగ్గట్టే ఇంట్లో అన్నీ జరుగుతున్నాయి. రుజువు లేని చెల్లె లేనట్టే. నా జీవితంలో నేను చేసిన మొదటి శాస్త్రీయ నిర్ధారణ అదే, అది తప్పు.

ఆ సాయంత్రం నాన్నకు చెప్పేశాను. "చెల్లె లేదు. మీరు ఉత్తగనే అంటున్నరు. అమ్మ పాలు ఎవలకో పోస్తున్నది."

ఆయన నన్ను దగ్గరికి తీసుకున్నాడు. "దవాఖానల చిన్నపిల్లలను రానియ్యరు బిడ్డా. రేపు ఫొటో తీస్త. గప్పుడు నమ్ముతవా?"

"ఫొటోల ఉంటే నమ్ముత."

పక్కగదిలోంచి నానమ్మ గొంతు వచ్చింది: "తియ్యకురా. నీ కాళ్లు మొక్కుత. గామెకు తోవ చూపియ్యకు." గామె అంటే ఎవరో నాకు అర్థం కాలేదు. చెల్లెలు అనుకున్నాను.

నాన్న మర్నాడు మధ్యాహ్నం స్టూడియో కెమెరా తీసుకెళ్లి, పసిపిల్లల గది గాజు ఇవతల నుంచి ఫొటో తీశాడు. తరవాతి రోజు తెచ్చి కిటికీ దగ్గర నా చేతిలో పెట్టాడు. నలుపు తెలుపు ఫొటో, ఇంకా కొద్దిగా తడిగా, అంచులు మెలితిరుగుతూ ఉంది. గాజు పెట్టె, అందులో గుడ్డలో చుట్టిన, పిడికిలంత తల, ముక్కులోకి సన్నని గొట్టం, పెట్టె మీద అంకె వేసిన చీటీ. ఆ పెట్టె పైన, చీకటిలో, ఒక స్త్రీ. భుజాలదాకా కనిపిస్తోంది. నర్సు కాదు, చీర కట్టుకుంది. వయసు చెప్పలేం. తల వంచి, సరిగ్గా మా చెల్లెలి ముఖంలోకి చూస్తోంది.

"నాన్నా, ఈమె ఎవరు?"

ఆయన జవాబు చెప్పేలోగా నానమ్మ ఫొటో లాక్కుంది. చింపేస్తుందనుకున్నాను. ఆమె కిటికీలోకి వంగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూసింది.

"ఎత్కపోనీకి వచ్చిన ముఖం గాదిది" అంది నెమ్మదిగా. "తల్లి లెక్క చూస్తున్నది. మనకంటె ముందుగాల్నే ఎవలో వచ్చి నిలవడ్డరు, మనమేమో ఇంట్ల కూసొని పుట్టలేదంటున్నం. సిగ్గు లేదురా మనకు!"

ఆ తరవాత జరిగిందంతా ఒక్క పూటలో జరిగింది. గోడవైపున్న తొట్టెల ఇటు తిరిగింది. మూడు వారాలు దాటిన, కొంచెం మెత్తబడిన గరిజెల డబ్బా పట్టుకుని నానమ్మ మేడంతా తిరిగింది. ఖాలా నవ్వి, "నిన్నటిదాంక కాలేదంటివి గదమ్మా?" అంటే, "ఔ, ఇయ్యాలనే అయింది" అని మొహం మీదే చెప్పింది. బైబిలులో పేరు రాసింది, ఆ రోజు తేదీయే వేసింది. దవాఖాన చీటీలో ఒక తేదీ, బైబిలులో ఇంకొకటి. మా చెల్లెలు ఈనాటికీ రెండు పుట్టినరోజులూ చేయించుకుంటుంది. అదే సాయంత్రం నానమ్మ నన్ను దవాఖానకు ఈడ్చుకెళ్లి, కాపలా మనిషితో పోట్లాడి, గాజు దగ్గర పైకెత్తింది. పిల్ల ఆవులించింది. గాజుకు నుదురు ఆనించి నానమ్మ పేరు పెట్టి పిలిచింది, వరండా అంతా వినిపించేలా. ఆ గదిలో చీర కట్టుకున్నవాళ్లెవరూ లేరు. చెల్లెలు బతకడం నర్సుల పనితనం, పాల గ్లాసు చలవ. అంతకుమించి నేనేమీ అనను.

చదువుకున్నాక ఆ ఫొటోను పరీక్షించాను. ఆ గదిలోకి నర్సులను తప్ప ఎవరినీ రానిచ్చేవారు కాదు. అది గాజు మీది ప్రతిబింబమైతే కుడి ఎడమలు తారుమారు కావాలి. ఆమె కొంగు ఎడమ భుజం మీదే ఉంది, పెట్టె మీది అంకె కూడా సరిగ్గానే చదవగలుగుతున్నాం కనుక ఫొటో తిరగబడి అచ్చు కాలేదు. ఆబిడ్స్, కోఠిల్లో కొందరు గుజరాతీ స్త్రీలు కుడి భుజం మీంచి కొంగు వేసుకుంటారు, ప్రతిబింబంలో అది ఎడమ అవుతుంది కదా అని కూడా ఆలోచించాను. కానీ ఆ కట్టులో కొంగు ముందుకు పడుతుంది, ఈమెది వెనక్కి జారింది. మిగిలింది ఒకే ఫిల్ము ముక్క మీద రెండు ఫొటోలు పడటం. ఆ స్టూడియో కెమెరాలో ఫిల్మును చేత్తో తిప్పాలి. ఫొటో దిగినవాళ్ల నంబరు రిజిస్టరులో రాశాకే తిప్పడం నాన్న అలవాటు. పాస్‌పోర్టు ఫొటోకు కూర్చున్న స్త్రీ ఎవరో తల దించి ఉంటుంది. ఆ ఫొటో పాడైంది కనుక నంబరు రాయలేదు, రాయలేదు కనుక ఫిల్ము తిప్పలేదు. తృప్తికరమైన వివరణ. చాలా ఏళ్లు దానితోనే ఉన్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంకొకటి తట్టింది. చనిపోయిన తండ్రిని కొడుకు పెళ్లి ఫొటోలో నిలబెట్టడం, అతుకు కనబడకుండా రెండు నెగటివులను ఒకే కాగితం మీద అచ్చువేయడం నాన్నకు చేతనైన విద్య. ఆబిడ్స్‌లో ఆయన పేరు పడింది దానికే. తన తల్లి భయాన్ని పోగొట్టడానికి ఆయనే ఆ స్త్రీని అక్కడ నిలబెట్టి ఉండకూడదా? అడిగాను. నానమ్మ పక్కగదిలోనే ఉంది. "ఫిల్ము తిప్పుడు మరిచిన" అన్నాడు, అంతే.

నానమ్మ చనిపోయిన ఏడాది నాన్నను మళ్లీ అడిగాను. అప్పటికి ఆయన చివరి జబ్బులో ఉన్నాడు, మాట మాత్రం స్పష్టంగా ఉంది.

"చేద్దామనే అనుకున్న బిడ్డా. ఒక ముసలామె నెగటివు తీసి పెట్టుకున్న గూడ. ముందుగాల చెల్లెది ఒక్కటే అచ్చేసి చూద్దామని కాగితం మందుల వేసిన. ఎర్ర లైటు కింద చూస్తుంటే... గామె ఆల్రెడీ ఉన్నది."

"నెగటివులో చూసినవా నాన్నా?"

"చూసిన. నెగటివుల లేదు."

స్టూడియో ఉన్నచోట ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నాంపల్లి మేడ కూల్చేశారు. ఒక సాక్షి, రెండు సాక్ష్యాలు: మొదటిది తల్లి వింటుండగా చెప్పింది, రెండోది మందుల మత్తులో చెప్పింది, దేన్నీ నేను నమోదు చేసుకోలేను. పలుచగా పడిన ముద్ర నెగటివులో కంటికి ఆనకుండా కాగితం మీద తేలడం అసాధ్యమేమీ కాదు. అలా జరిగిందో లేదో ఆ నెగటివును చూస్తే ఒక్క నిమిషంలో తేలేది. కానీ స్టూడియో మూసినప్పుడు పాత ఫిల్ములన్నీ వాటి పూతలోని వెండి తీసేవాళ్లకు తూకానికి వెళ్లాయి, వాళ్లు వాటిని కరిగించేశారు. అందుకే మా చెల్లెల్ని అందరికంటే ముందు పలకరించడానికి వచ్చింది ఎవరన్న ప్రశ్నకు జవాబు లేదు. మా నాన్న దయ్యాల కథలు చెప్పే మనిషి కాదు. అది ఆధారం కాదని నాకు తెలుసు.