రాగికొండ మీద పిన్నీసుల గుత్తి

పోలవరం ఎగువ కొండల్లో రాగి జాడ వెతికే క్యాంపుకి నన్ను అసిస్టెంట్ జియాలజిస్టుగా వేసింది ఎనభైల చివర్లో, కార్తీకమాసం వెళ్ళిన వారానికి. తేదీ కావాలంటే సర్వీసు కాగితాలు తీయాలి. అవి బీరువా పై అరలో ఉన్నాయి, నా మోకాళ్ళు స్టూలెక్కనివ్వవు. వానలు తగ్గాక మొదలై ఎండలు ముదిరేదాకా సాగే పనిని మేం ఫీల్డ్ సీజన్ అంటాం. అది నా మొదటి సీజను. కొద్దిలో తప్పింది గానీ, ఆఖరిదీ అదే అయ్యేది.

క్యాంపు ఆఫీసరు భాస్కరరావు గారు. పాలకొల్లు మనిషి, సీనియర్ జియాలజిస్టు, మాట బహు పొదుపు. నేను లాంచీ దిగగానే, "టెంటుల్లో ఉండలేరమ్మా, లాబరేటరీలో అయితే మీకు సుఖంగా ఉంటుంది," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఉంటానండీ అన్నాను. సరే అయితే కొండ మ్యాపు మీరే వెయ్యండి అన్నారాయన. ఆ ఏడాదికి మంజూరైంది ఒకే ఒక్క బోరు. అది ఎక్కడ వెయ్యాలో నా మ్యాపు తేల్చాలి. మ్యాపు నిలబడితే నేను ఫీల్డులో ఉంటాను. లేకపోతే వచ్చే ఏడు నుంచి లాబరేటరీ బల్ల ముందు కూర్చుని రాళ్ళపొడి తూకం వేసుకోవడమే.

ఆ కొండ కథ వంటింటి భాషలో చెబుతాను. ఎప్పుడో భూమి లోపల్నించి కరిగిన రాయి పైకొచ్చి సున్నపురాయిని తగిలింది. తగిలిన చోట ఆ వేడికీ, ఆవిరికీ సున్నపురాయి ఉడికి వేరే రాయిగా మారింది. దాన్నే స్కార్న్ అంటాం. అందులో ఎర్రటి గార్నెట్ గింజలు, నల్లటి మాగ్నెటైట్ అనే ఇనుపరాయి, అదృష్టం బాగుంటే రాగి ఉంటాయి. రాగి ఉంటే బయట ఇత్తడి గిన్నెకి పట్టినట్టు పచ్చగా చిలుము పడుతుంది. మా కొండకి పడమటి పక్కన ఆ చిలుము కనిపించింది. తూర్పున అంతా మట్టే, రాయన్నది పైకి కనిపించదు.

చిక్కల్లా మాగ్నెటైటుతోనే. అది దిక్సూచి సూదిని లాగేస్తుంది. అందుకని అలాంటి చోట కొలత కోసం పెట్టుకున్న ప్రతి గుర్తు దగ్గరా రెండుసార్లు దిక్కు చూస్తాం. ఇక్కణ్ణించి పక్క గుర్తుకి ఒకసారి, అక్కణ్ణించి ఇక్కడికి మరోసారి. రెండూ సరిగ్గా ఎదురెదురుగా రాకపోతే దగ్గర్లో ఇనుము ఉన్నట్టు లెక్క. పడమటి పక్కన పనంతా ఇలాగే చేశాను. పచ్చ చిలుము ఉన్నచోటే సూది కదిలింది. బాగుంది.

తూర్పుకి మళ్ళేసరికి ముళ్ళపొదలకి చున్నీ చీలికలైపోయింది. సంతలో డజను పిన్నీసులు కొని, మా ఇళ్ళల్లో ఆడవాళ్ళంతా చేసినట్టే ఎడమచేతి గాజుకి గుత్తిగా తగిలించుకున్నాను. ఆ మర్నాటి నుంచి తూర్పున సూది కదలడం మొదలైంది. నా సంతోషం చూడాలి! పైకి కనపడని ఇనుపరాయి మట్టి కింద దాక్కుందని మ్యాపు మీద ఎర్రపెన్సిలుతో ఇంత పట్టీ గీశాను. భాస్కరరావు గారు ఒకరోజు నా వెంట వచ్చి, తన దిక్సూచితో రెండుచోట్ల స్వయంగా చూసి, "బాగా పట్టారమ్మా," అన్నారు. ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదలు. బోరు తూర్పున వెయ్యాలని తేలిపోయింది. నిడదవోల్లో ఉన్న డ్రిల్లింగ్ మిషన్ను పంపమని ఉత్తరం రాయడమే తరువాయి.

ఆ మధ్యాహ్నం నేను టెంటు ముందు మ్యాపుకి మెరుగులు దిద్దుతున్నాను. దిక్సూచి బల్ల మీద తెరిచి ఉంది. మా క్యాంపుకి వంట చేసే మంగమ్మ గారు తెగిన చెప్పు పట్టుకొచ్చి, "అమ్మా, ఓ పిన్నీసు ఇద్దురూ," అంది. గుత్తి తీయడానికి చెయ్యి బల్ల మీద పెట్టాను. సూది గిర్రున తిరిగింది. చెయ్యి వెనక్కి తీశాను, మళ్ళీ మొదటి చోటికి వచ్చింది. ఓరి దేవుడా! ఎడమ అరచేతిలో దిక్సూచి, ఆ పక్కనే మణికట్టుకి పిన్నీసులు. తూర్పున దొరికిన ఇనుము నా గాజుకి వేలాడుతోంది.

"ఏంటండీ అలా తెల్లబోయారు?" అంది మంగమ్మ గారు. చెప్పాను. చెబుతూనే నా మనసు దొంగదారి వెతికిందన్నది దాచను. ఆఫీసరు గారే చూసి సరేనన్నారు కదా, బోరు వట్టిపోతే తప్పు నా ఒక్కదానిదే ఎందుకవుతుంది? చెబితే మాత్రం లాబరేటరీ ఖాయం. ఆవిడ చెప్పుకి పిన్నీసు గుచ్చుకుంటూ, "మా మరిది బోరేయించాడండి, చుక్క నీళ్ళు పడలేదు. వద్దని ముందే ఎందుకు చెప్పలేదని ఇప్పటికీ మమ్మల్ని తిడతాడు. వెయ్యకముందు చెబితే తిట్లు తక్కువండి," అంది.

వెళ్ళి చెప్పేశాను. భాస్కరరావు గారు అప్పుడే ఉత్తరం రాస్తున్నారు. కలం మూత పెట్టి, ఎన్ని పిన్నీసులని అడిగారు. పన్నెండండీ, ఒకటి మంగమ్మ గారి చెప్పుకి పోయింది అన్నాను. నవ్వలేదు. పొద్దున్నే ఆరింటికి తూర్పు గుర్తుల వెంట మళ్ళీ నడుద్దాం అన్నారంతే. ఆ రాత్రంతా పెట్టె సర్దుకోవాలా వద్దా అన్నదే ఆలోచన.

తెల్లారి బోసిచేతులతో బయల్దేరాను. మొదటి గుర్తు దగ్గర ఆగాక భాస్కరరావు గారు దిక్సూచి తీసి నడుం దగ్గర పట్టుకున్నవారల్లా ఆగిపోయారు. చొక్కా ఎత్తి మొలతాడు తడుముకున్నారు. దానికి క్యాంపు పెట్టెల తాళంచెవులు, ఇనుపవి, గుత్తెడు ఉన్నాయి. విప్పి, అల్లంత దూరాన టేకు కొమ్మకి తగిలించి వచ్చారు. ఆ ఉదయమంతా తూర్పున ఎక్కడా సూది కదల్లేదు. ఆఖరి గుర్తు దగ్గర మట్టిలోనే చతికిలబడి, "మనిద్దరం ఒకే బళ్ళో చదివినట్టున్నామమ్మా," అని పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన అలా నవ్వగా మళ్ళీ చూడలేదు. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఆయన మీద ప్రేమ పుట్టుకొస్తుంది.

బోరు పడమట వేశాం. గార్నెట్ వచ్చింది, నల్లటి ఇనుపరాయి వచ్చింది, దాని మధ్య బంగారు రంగులో జానెడు రాగిరాయి వచ్చింది. గని తవ్వడానికి అది చాలదు. రిపోర్టులో 'ఖనిజపు ఉనికి' అని రాశాం. నిక్షేపం అనే మాట వాడటానికి మాకు హక్కు లేదు. క్యాంపు ఎత్తేశాక ఆ కొండకి మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు. పోలవరం ప్రాజెక్టు పనులొచ్చాక ఆ దారే మారిపోయిందంటారు. ఇప్పటి పిల్లలు ఫోన్లోనే దిక్కులన్నీ చూసుకుంటున్నారు. నాకు మాత్రం రాజమండ్రి రేవులో లాంచీ కూత వినపడితే ఆ టెంట్లు, మంగమ్మ గారి చింతచిగురు పప్పు ఇట్టే గుర్తొస్తాయి.

రిపోర్టు చివర భాస్కరరావు గారు తన చేత్తో చేర్చిన మాటలు ఇవి: "తూర్పు వైపు ఇనుము లేదు. మొదట కనిపించినది మేము మోసుకువెళ్ళిన ఇనుము. ఒకటి అసిస్టెంటు గాజుకు, ఒకటి నా మొలతాడుకు." కింద, మరుసటి సీజనుకి అసిస్టెంటుగా ఎవరు కావాలో రాసే చోట నా పేరు రాశారు.

ఆ సీజను నాకు నేర్పింది ఇంతే. సూది కదిలితే ముందు మన ఒళ్ళు తడుముకోవాలి, కొండని ఆ తర్వాతే అనుమానించాలి. రిటైరయ్యేదాకా అదే చేశాను, ఫీల్డులోనే.