తోక ఎత్తుకు కోసిన వెదురుగడ

నేను నంద్యాలలో విలేకరిగా ఉన్న తొంభైల్లో, పొద్దున్నే వార్తల కోసం ముందుగా పోయేది ఒక లారీ ఆఫీసుకే. నాలుగు రాష్ట్రాలు తిరిగొచ్చిన డ్రైవర్లు అక్కడ టీ తాగుతూ, ఏ కల్వర్టు కుంగిందో, ఏ చెక్‌పోస్టులో ఏ కాగితం అడుగుతున్నారో చెప్పేవారు. వాటన్నిటినీ చెవిన వేసుకునేది ఒక పెద్దాయన. ముప్పై ఏళ్లు లారీ నడిపి, చూపు మందగించాక స్టీరింగు వదిలి, బండ్లకు దారి రాసిచ్చే పనిలో కుదురుకున్నాడు. పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో రాసేవాడు. డ్రైవరు ఎక్కడెక్కడ పడుకోవాలో ముందు రాసి, ఆ తర్వాత రోడ్డు సంగతి చూసేవాడు.

ఒక వానాకాలం ఆళ్లగడ్డ నుంచి ఒక శిల్పి వచ్చాడు. బళ్లారి అవతలి పల్లెలో కడుతున్న గుడికి ఏడు నెలలు కూర్చుని ఆంజనేయస్వామిని చెక్కాడు. ఒంటిరాయి. తోక వీపు వెనకనుంచి లేచి తలపైన వంపు తిరుగుతుంది. ఆ వంపు బొటనవేలంత మందం. ప్రతిష్ఠ శుక్రవారం.

"సామిని నిలబెట్టే తీస్కపోవాల. పండబెడితే తోక దక్కదు" అన్నాడు.

"చట్టం ఒప్పుకునే ఎత్తే. వంతెనలు గూడా ఒప్పుకోవాల గదప్పా" అన్నాడు పెద్దాయన.

కర్నూలు దారిలో పాణ్యం దాటాక వానలకు కల్వర్టు తెగి లారీలను ఆపేశారు. బనగానపల్లె వైపు కాలువ వంతెన మీద బరువు బండ్లు పోరాదని బోర్డు ఉంది. "ఎవురూ సూడరులే అనుకోని పోతే కాలువ సూస్తాది" అని ఆ దారి కొట్టేశాడు. మిగిలింది పాణ్యం దగ్గర పక్కకు మళ్లే దారే. ఆ దారిలో రైలుపట్టాల కింద ఎత్తు తక్కువ వంతెన ఒకటి ఉంది.

లారీ అడుగుపలక నుంచి తోక కొస దాకా లెక్కకట్టి, నేలనుంచి ఎంత ఎత్తు వస్తుందో అంతకు ఒక వెదురుగడ కోయించాడు. కొసకు ఎర్రగుడ్డ కట్టాడు. నా మోటారుసైకిలు వెనక కూర్చుని గడను నిలువుగా పట్టుకున్నాడు. దారి పొడవునా జనం నవ్వారు.

"ఏ పార్టీ జెండానన్నా అది?"

"ఆంజనేయుల పార్టీ. లంక కాల్చేదానికి పోతాండాం" అని బదులిచ్చాడు.

వంతెన కింద నాలుగు వేళ్ల సందు తేలింది. దారి ఖాయం చేశాడు. కర్ణాటక పర్మిట్టు, ఇన్సూరెన్సు, విగ్రహానికి బిల్లు, గుడి కమిటీ ఉత్తరం, అన్నీ ఒక సంచిలో పెట్టాడు.

బుధవారం పొద్దున నేను ఆఫీసుకు పోయేసరికి పెద్దాయన పేపరు కళ్ల దగ్గర పెట్టుకుని ఉన్నాడు. మూలన నా అయిదు లైన్ల వార్త: పాణ్యం అవతల రోడ్డుకు కొత్త తారు పడింది, ప్రజలు హర్షం వ్యక్తం చేస్తున్నారు.

"నువ్వు రాసిందేనా అప్పా?"

"అవును పెద్దాయనా."

"వంతెన కింద గూడా ఏసినారా?"

నాకు తెలియదు. ఎవరో ఇచ్చిన కాగితం చూసి, కూర్చున్న చోటే రాశాను. ప్రజల హర్షం కూడా అక్కడే పుట్టింది.

"రాసింది నువ్వు. సూడాల్సింది నేనా? బండి తియ్యి."

పోయి చూస్తే వంతెన కింద తారు ఇంకా నల్లగా మెరుస్తోంది. గడను నేలకు ఆనించి నిలబెడితే ఎర్రగుడ్డ పైన దూలానికి తగులుకుని మడతపడింది. ఆ నాలుగు వేళ్ల సందును కొత్త తారు మింగేసింది. పెద్దాయన గడను దించి బండెక్కాడు. "పద ఆళ్లగడ్డకు" అన్నాడు, అంతే.

అక్కడ స్వామిని అప్పటికే లారీ మీద నిలబెట్టి మోకులు కడుతున్నారు. సంగతి చెబితే శిల్పి మండిపడ్డాడు.

"పండబెట్టేదానికి నా చెయ్యి రాదు పెద్దాయనా. ఇరిగితే ఇంగో సామిని శుక్రారానికి యాడ తెచ్చేది?"

"ఏడు నెలలు సామి ఎట్లుండె? నిలబడుకోని చెక్కించుకున్న్యాడా?"

శిల్పి వెనక్కి తిరిగాడు. షెడ్డులో స్వామి అన్నాళ్లూ పండుకుని ఉన్న చోటు వైపు చూశాడు. తర్వాత ఇసుక తెమ్మన్నాడు. లారీలో ఇసుక పరిచి, తడిపి, పైన వరిగడ్డి వేసి, తోక వంపు దేనికీ తగలకుండా తన చేతులతోనే గుంట తీశాడు. పండబెట్టాక తానూ పక్కనే ఎక్కి కూర్చున్నాడు.

"దిగప్పా. సరుకు బండిలో మనిషి పోగూడదు. సామికి బిల్లుండాది. నీకేముండాది?"

శిల్పి గొణుక్కుంటూ దిగి బస్సుకు పోయాడు.

గురువారం సాయంత్రం లారీ ఆఫీసుకు ఫోను వచ్చింది. అవతల శిల్పి. పెద్దాయన మొదటి ప్రశ్న, "డ్రైవరు పండుకున్న్యాడా?" ఆ తర్వాతే తోక గురించి అడిగాడు. విని, రిసీవరు నా చేతికి ఇచ్చాడు. "వాయించితే గంట మాదిరి మోగతాంది అన్నా, మా సామి తోక" అని శిల్పి అరుస్తున్నాడు.

ఆ గడ చాలా ఏళ్లు ఆఫీసు మూలనే ఉండేది. పెద్దాయన పోయాక ఏమైందో తెలియదు. ఉన్నన్నాళ్లూ, పేపరులో నా రోడ్డు వార్త కనిపించిన ప్రతి పొద్దునా టీ గ్లాసు నావైపు జరుపుతూ ఒకటే మాట అడిగేవాడు:

"సూసి రాసినావా, కూసోని రాసినావా?"