టిక్కీలో పడ్డ ఆటల మిషను

మా ఇంట్లో వీడియోగేములు ఆడింది నేను కాదు, మా నాన్న. ఈ మాట ఎవరికి చెప్పినా ఓ పట్టాన నమ్మరు. పొలం, మందులు, యూరియా, కూలీలు తప్ప వేరే ధ్యాస లేని మనిషి, నలభై దాటిన మనిషి, మిరప కళ్లంలో ఎండకు ఎదురుగా కూర్చుని రెండు బొటనవేళ్ళతో బొత్తాలు నొక్కుతూ ఉండేవాడంటే నేనైనా నమ్మను. కానీ చూశాను కాబట్టి చెబుతున్నాను.

మిషను వచ్చింది నాకే. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని మద్రాసులో ఉద్యోగం చేసే మా మేనమామ తెచ్చాడు. బర్మాబజారులో ఎవరో వాడి అమ్మినదట. నేను చేతిగడియారం వస్తుందని ఊళ్ళో అందరికీ చెప్పుకుని కూర్చున్నాను. తీరా చూస్తే అరచేతుల్లో పట్టుకునే ఆటల మిషను! నాకు ఒళ్ళు మండిపోయింది. మామయ్య మాత్రం నా మొహం చూడకుండా దాని వెనకాల ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ళ దూర్చి, మురిసిపోతూ చూపించాడు. ఆ ఒక్క బిళ్ళలో పాతకాలపు ఆటలన్నీ కలిపి పెట్టారు. ఒకప్పుడు పట్నాల్లో వీడియోగేముల కొట్లలో నిలువెత్తు పెట్టెల ముందు నిలబడి, రూపాయి బిళ్ళలు వేసి ఆడిన ఆటలు.

"నేను కాలేజీ ఎగ్గొట్టి ఆడినయ్యన్నీ దీంట్లో ఉన్నాయే అమ్మాయ్! అప్పుడు ఒక్కో ఆటకీ ఒక్కో పెట్టె. ఇప్పుడు చూడు, జేబులో పడతన్నాయి" అన్నాడు.

"అయితే నువ్వే ఉంచుకో" అన్నాను. అమ్మ నన్ను గుడ్లురిమి చూసింది.

నాలుగు రోజులు ఆడి పక్కన పడేశాను. అది ఎప్పుడు నాన్న చేతికి వెళ్ళిందో నాకు సరిగ్గా తెలియదు. ఒకరోజు పెన్సిల్ సెల్లులు కొనుక్కొచ్చి, టార్చికి అన్నాడు. మా టార్చిలో పడేవి లావు సెల్లులు. అప్పుడు అర్థమైంది.

ఆ ఆటల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉండేవి. నాన్న వాటిని పట్టించుకోకుండా తన పేర్లు తను పెట్టుకున్నాడు. కప్ప ఒకటి లారీలూ కార్లూ తప్పించుకుంటూ రోడ్డు దాటే ఆట ఉండేది. దానికి 'పేట సెంటరు' అని పేరు. చిలకలూరిపేటలో హైవే దాటబోయి లారీ హారనుకు ఎగిరి గంతేసిన వాళ్ళెవరికైనా ఆ పేరు ఎందుకో విడమర్చి చెప్పక్కర్లేదు. సందుల్లో తిరుగుతూ చుక్కలు మింగే గుండ్రటి పచ్చమొహంవాడి ఆటకి 'తిండిపోతు'. అన్నిటికంటే ఆయనకిష్టమైంది 'పురుగులాట'. పైనుంచి ఏవో వింతజీవాలు వరసలు కట్టి, అటూ ఇటూ జరుగుతూ దిగుతుంటాయి. కింద నుంచి మనం కాలుస్తూ ఉండాలి. అవి నేలను తాకితే ఆట అయిపోయినట్టే.

అంతకు కొన్నేళ్ళ ముందు మా పత్తికి పచ్చపురుగు పట్టింది. కొట్టని మందు లేదు. మందు మార్చి కొట్టారు, రెండు మందులు కలిపి కొట్టారు, చివరికి చేత్తో ఏరారు. ఆ పురుగు చావలేదు, పత్తి మిగలలేదు. ఆ దెబ్బతో నాన్న పత్తి మానేసి మొత్తం మిరపకు దిగాడు. అందుకని ఆ ఆట నా ఎదుట మొదటిసారి ఆడినప్పుడు ఆయన నా వైపు తిరిగి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు.

"కొడితే చస్తన్నయ్యే ఇయ్యి!" అన్నాడు. నవ్వాడు గానీ అది ఉత్త నవ్వు కాదు.

ఆ మిషనులో ఒక చిక్కుంది. దాని తెరకు సొంత వెలుతురు లేదు. ఇంట్లో కూర్చుంటే బొమ్మలు మసకమసకగా ఉంటాయి, దీపం కింద పెడితే మెరిసి ఏమీ కనపడవు. ఆరుబయట మంచి ఎండలో పెడితేనే రంగులు తేటగా కనపడతాయి. మాకు ఎండకేం కొదవ? మాఘం వెళ్ళాక మిరపకాయ కోసి కళ్లంలో ఆరబోస్తే కాయ ఎండేదాకా ఎవరో ఒకరు అక్కడ కాపలా ఉండాల్సిందే. గొడ్లు తొక్కకుండా చూడాలి, మబ్బు పడితే పరదాలు కప్పాలి, మధ్యమధ్య కాయ తిరగేయాలి. అంతకుముందు ఆ పనికి నాన్న విసుక్కునేవాడు. మిషను వచ్చాక పొద్దున టిఫిను తినీ తినకముందే కళ్లానికి బయల్దేరేవాడు. అమ్మ కూడా మురిసిపోయింది, మనిషికి బాధ్యత తెలిసొచ్చిందని.

తాతయ్య సంగతి చెప్పాలి. తాతయ్య కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషి కూడా కాదు. చూసేవాడు. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి నిదానంగా చూస్తే, ఎదుటివాడు చెయ్యని తప్పు కూడా ఒప్పేసుకునేవాడు. గుంటూరు మిర్చి యార్డులో ఆయనకు ఎంత పేరంటే, మా సరుకు దిగితే కమీషను కొట్టు యజమాని వ్యాపారులతో "ఆయన కాయ అండీ, పైన చూస్తే చాలు, లోపల కూడా అదే" అనేవాడు. మా వైపు మిరపకాయ తొక్కి కుట్టిన బస్తాను టిక్కీ అంటారు. టిక్కీ అడుగున రంగు పోయిన తాలుకాయ పెట్టి పైన ఎర్రకాయ పరిచేవాళ్ళూ, తూకానికి మట్టిబెడ్డలు వేసేవాళ్ళూ లేకపోలేదు. అంతకుముందు ఏడాది పక్క ఊరాయన టిక్కీలో ఇటుకముక్క బయటపడింది. సరుకంతా మూలనపడింది సరే, ఆయనకు 'ఇటుకాయన' అనే పేరు ఖాయమైంది. పెళ్ళిళ్ళలో కూడా అలాగే పిలిచేవాళ్ళు, ఎదురుగానే.

నేను ఇంటర్ రెండో ఏడు పరీక్షలు రాసి ఇంటికొచ్చిన రోజుల్లో ఆ సంవత్సరం కాయ లారీకి సిద్ధమైంది. ముందురోజు సాయంత్రం కాయ విరక్కుండా నీళ్ళు చిలకరించి, కుప్ప పోసి పరదాలు కప్పారు. మర్నాడు ఇంకా బస్తాలు తొక్కే ముఠావాళ్ళు రాలేదు. పరదా ఒక పక్క తీసి, కుప్పకు ఆనుకుని కూర్చుని నాన్న పురుగులాట ఆడుతున్నాడు. ఎప్పుడూ లేనిది తాతయ్య కళ్లానికి వచ్చాడు. అడుగుల చప్పుడుకు తలెత్తిన నాన్న, చేతిలో మిషనును అలాగే మిరపకాయల్లోకి మోచేతిదాకా దూర్చేశాడు.

తర్వాత తీసుకుందాం అనుకున్నాడు. కానీ తాతయ్య కదిలితే గదా! కుప్ప పక్కనే మంచం వేయించుకుని కూర్చున్నాడు. ఆ వెనకే ముఠా వచ్చింది. గోతాల్లోకి కాయ ఎత్తడం, లోపల మనిషి దిగి తొక్కడం, కుట్టడం, చకచకా అయిపోతోంది. తొక్కేవాళ్ళ కాలికి తగలదా, ఎవరో ఒకరు అరవరా అని నాన్న ప్రతి గోతం దగ్గరికీ వెళ్ళి నిలబడ్డాడట. ఎవరూ అరవలేదు. "ఏంట్రా కాలుగాలిన పిల్లిలా తిరగతన్నావు?" అని తాతయ్య అడిగితే "ఏం లేదు నాన్నా" అన్నాడట. కుప్ప అయిపోయింది, కళ్లం ఊడ్చారు, మిషను లేదు.

ఇదంతా నాకు తెలిసింది మర్నాడు లారీలో. గుంటూరులో ఎంట్రన్సు కోచింగుకి హాస్టలు చూడాలని నేనూ నాన్నతో బయల్దేరాను. డ్రైవరు పక్కన ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. పేట దాటాక నాన్న ఇంజను మోతలో నా చెవి దగ్గరికి వంగి మొత్తం చెప్పాడు.

"ఏ టిక్కీలో పడిందో ఏంటో!" అన్నాను.

"అదే గదా తెలవంది."

"పోతే పోయింది లే నాన్నా, పాత మిషనే గదా."

"మిషను కోసం కాదే. యాపారోడు టిక్కీ కోస్తే అది చేతికి తగిలిందనుకో, తూకానికేసినాం అనుకుంటాడు. మీ తాత పేరు పోద్ది."

నాకు అప్పుడు ఇటుకాయన గుర్తొచ్చాడు. ఆ వెనకే కోపం కూడా వచ్చింది. "అసలు తాతయ్యకు భయపడి దాచుకోవడమేంటి? నీదేమన్నా చిన్నపిల్లాడి వయసా?" అన్నాను. కూతురు అనాల్సిన మాట కాదు. నాన్న అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

యార్డులో అడుగుపెట్టగానే ఎవరికైనా ముందు తుమ్ములు, తర్వాతే మాటలు. మా టిక్కీలు దించి కొట్టు ముందు వరసగా పేర్చారు. నాన్న వాటి చుట్టూ తిరుగుతూ ఒక్కోదాన్నీ అరచేతులతో నొక్కి చూస్తున్నాడు. తొక్కి కుట్టిన టిక్కీ రాయిలా ఉంటుంది, నొక్కితే ఏం తెలుస్తుంది? కమీషను కొట్టాయన "ఏమయ్యా, నీ కాయ నువ్వే బేరం చేస్తన్నావా?" అని వేళాకోళమాడాడు. అంతలో వ్యాపారి వచ్చాడు, వెంట టిక్కీ కోసి కాయ లాగి చూపించే మనిషి. కొట్టాయన మామూలుగా అనే మాటే అన్నాడు, పైన చూస్తే చాలండీ, లోపల కూడా అదే అని.

ఊరుకుంటే సరిపోయేది. పైన చూసి ధర చెప్పి వెళ్ళిపోయేవాడు. నేను లోలోపల దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను, నాన్న నోరెత్తకూడదని. ఇది కూడా దాచకుండా చెప్పాలి కదా.

"అయ్యా, ఒక్క మాటండీ" అన్నాడు నాన్న. "లోపల అదే కాదండీ. ఏదో ఒక టిక్కీలో ఆడుకునే మిషను ఉంది. పొరపాటున పడిపోయింది. మా పిల్లది."

అందరూ నా వైపు చూశారు. నాకు తల తీసేసినట్టయింది. నాన్న కూడా నా వైపు చూసి, మళ్ళీ వ్యాపారి వైపు తిరిగాడు.

"పిల్ల ఆడదండీ. ఆడేది నేనే. మా నాన్న వస్తే భయమేసి కాయలో దూర్చినాను."

టిక్కీలు మోసే హమాలీ ఒకతను ముందు నవ్వాడు. తర్వాత కొట్టాయన, తర్వాత అందరూ. వ్యాపారి మాత్రం నవ్వకుండా అడిగాడు.

"ఎంత బరువుంటదండీ?"

"సబ్బుబిళ్ళంత ఉంటదండీ."

"సబ్బుబిళ్ళంత బరువుకి ఇంత చెమట పట్టిందా మీకు?" అని అప్పుడు నవ్వాడు. నవ్వుతూనే టిక్కీలన్నీ తీసుకున్నాడు. ధర తగ్గించలేదు, ఒక్క టిక్కీ కూడా కొయ్యలేదు. "మా గోడౌన్లో తొడిమలు తీసే ఆడవాళ్ళు కాయ కాయా చేత్తో పట్టుకుంటారు. మీ ఆట ఎక్కడికీ పోదు, దొరికితే కొట్టుకు పంపిస్తా" అన్నాడు.

నాన్న కొట్టు మెట్ల మీద కూలబడ్డాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఆ మిరపఘాటుకు కళ్ళు మండి, మళ్ళీ తుడుచుకుని, నన్ను చూసి నవ్వాడు. నా జన్మలో నాన్న మొహం అంత తేలిగ్గా ఉండటం అప్పుడే చూశాను. బయటికొచ్చి ఇద్దరం నిమ్మసోడా తాగాం. నాకు ఎంత హాయిగా ఉందంటే, హాస్టలు గది అగ్గిపెట్టెలా ఉన్నా బాగుందనే అన్నాను. నాన్న నోరెత్తకూడదని మొక్కిన మొక్కులు ఏ దేవుడూ వినకపోవడం ఎంత మంచిదైందో అనుకుంటూ బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి తాతయ్య వసారాలో మంచం మీద ఉన్నాడు. నాన్న కాళ్ళు కూడా కడుక్కోకుండా ఎదురుగా నిలబడి మొదటినుంచీ చెప్పేశాడు. అమ్మ గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, భయానికో నవ్వుకో. తాతయ్య అంతా విని ఒక్కటే అడిగాడు.

"వాళ్ళు పట్టుకున్నారా, నువ్వు చెప్పావా?"

"నేనే చెప్పా."

"ఊఁ" అన్నాడు తాతయ్య. అమ్మ హమ్మయ్య అని లోపలికెళ్ళి అన్నాలు వడ్డించింది.

నేను హాస్టలుకు బయల్దేరే లోపలే మిషను వచ్చింది. గోడౌనులో ఆడవాళ్ళకు దొరికిందట, కొట్టాయన మా ఊరి లారీలో పంపించాడు. బొత్తాల సందుల్లోకి కారం దూరింది. నొక్కితే తుమ్మొచ్చేది గానీ బతికే ఉంది. నాన్న దాన్ని జేబులో వేసుకోబోతుంటే తాతయ్య చెయ్యి చాపాడు. ఇటూ అటూ తిప్పి, తెరను గోటితో గీకి, వాసన చూసి, చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఇదా?" అన్నాడు.

"ఇదే నాన్నా."

"దీన్ని నన్ను చూసి దాచావా? ఇటుకాయన పేరొచ్చినా సరే గానీ, నా కంట పడకూడదు అనుకున్నావా?"

నాన్న తల దించుకున్నాడు. తాతయ్య గొంతులో కోపం లేదు. అది నేను ఆయన దగ్గర ఎప్పుడూ వినని గొంతు.

"అంత చెడ్డోణ్ణి ఎప్పుడైపోయాన్రా నేను?"

నాన్న కళ్ళు తుడుచుకున్నాడు, కారం వంక లేకుండానే. తాతయ్య మంచం మీద కాస్త పక్కకు జరిగాడు. మా నాన్న ఆయన ముందు మంచం మీద కూర్చోవడం అప్పటిదాకా నేను చూడలేదు, అమ్మా చూడలేదు.

"కూర్చో. పురుగులెట్టా చస్తయ్యో నేనూ చూస్తా" అన్నాడు తాతయ్య.