వెనక చక్రాల కొలత

గుడివాడలో టైర్ల కొట్టు ముందు నిలబడి ఉన్నాను. మిట్టమధ్యాహ్నపు ఎండకు కొత్త రబ్బరు వాసన చిక్కబడి గొంతులో పట్టుకుంటోంది. నా వెనక, నాన్న పోయాక నాకు మిగిలిన పాత అంబాసిడరు, నాలుగు చక్రాలూ నున్నగా అరిగిపోయి, ఇక నావల్ల కాదన్నట్టు ఆగి ఉంది. దానికి కావలసిన కొలత ఎవరినీ అడగక్కరలేదు. ఐదు తొంభై, పదిహేను. ఆ అంకెలు నాకు ఎక్కాలతో పాటే వచ్చాయి.

మా ఊరు దివిసీమలో, నాగాయలంకకు దిగువన, ఉప్పుగాలికి తలుపుల బందులు సైతం ఏడాదికే తుప్పు పట్టే చోట ఉంటుంది. తొంభైల నడుమ ఆ ఊరంతటికీ ఉన్న ఒకే ఒక్క కారు మాది. గుడివాడ రైసుమిల్లు వాళ్లు వాడి వదిలేసిన దాన్ని, అప్పటిదాకా ట్రాక్టరు నడిపిన నాన్న కొని కిరాయికి తిప్పేవాడు. మా ఊళ్లో టైరుకు చావు లేదు. లోపలి నూలుపోగులు బయటపడేదాకా కారుకు తిరిగి, ఆ తరువాత పడవల పక్కలకు వేలాడి రేవుగట్టు దెబ్బలు కాచి, చివరికి చెప్పుల అడుగులుగా తెగి ఊరంతా నడిచేది. సైకిలు టైర్లు మా పిల్లలవి. ముసురు తెరిపిచ్చిన సాయంత్రాల్లో, ఎండురొయ్యల వాసన నిండిన ఇసుకదారి మీద వాటిని పుల్లతో కొడుతూ రేవుదాకా పరిగెత్తేవాళ్లం. క్రిస్మస్‌కు ముందు అమ్మ అరిసెల పాకం పట్టే రోజునే నాన్న కారు కడిగేవాడు. వంటింటి నుంచి బెల్లం వాసన, వాకిట్లోంచి సబ్బునురుగు వాసన కలిసి వచ్చేవి, నాకు పండగంటే నేటికీ ఆ కలగలుపే.

వానాకాలంలో మాత్రం ఆ కారు నాన్నను ఏడిపించేది. ఊరి నుంచి తారురోడ్డు దాకా ఉన్న కరకట్ట నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే వెనక చక్రాలు దిగబడిపోయేవి. నాన్న ఆలోచన పొలంలోంచి వచ్చింది. దమ్ము చేసే ట్రాక్టరుకు వెనక చక్రాలు పెద్దవి కాబట్టే బురదలో సాగుతుంది, కారుకైనా న్యాయం వేరే ఉండదు కదా అన్నాడు. ఒక శనివారం నన్ను వెంటబెట్టుకుని బందరు వెళ్లి, వెనక రెంటికీ ఆరు నలభై సైజు అడిగాడు.

పాత టైరు మీదా కొత్త టైరు మీదా అంకెలు చదివి, "రెంటి మీదా పదిహేనే ఉంది గదా నాన్నా, తేడా ఏంటి?" అన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

కొట్టు మేస్త్రి రింగు మీద సుత్తితో తట్టి చూపించాడు. "పదిహేను ఈ ఇనప రింగుది పాపా. ముందంకె టైరు లావుది. లావు పెరిగితే ఎత్తూ పెరుగుద్ది."

"మరి పైన మడ్‌గార్డు పెరగదు గదా?"

"ఏసుదాసూ, నీ కూతుర్ని ప్లీడరీ చదివించవయ్యా, కోర్టులు బాగుపడతాయి!" అని మేస్త్రి పడిపడి నవ్వాడు. నాన్న నవ్వలేదు. టైర్లు బిగించాక నన్ను పిలిచి, చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య పిడికిలి పెట్టి చూడమన్నాడు. పెట్టాను. సులువుగా పట్టింది. "చూశావా? ఇంక నోరు మూసుకో తల్లీ." మూసుకున్నాను. నా చేత్తో నేనే తెచ్చుకున్న రుజువు అది, దాన్ని కాదనడం ఎలాగో నాకు తెలియలేదు. ఆ పరీక్ష ఖాళీ కారు మీద జరిగిందన్న సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

మా ఊళ్లో కారు ఖాళీగా వెళ్లడమన్నది లేదు. రోగిని ఒంటరిగా ఆసుపత్రికి పంపితే మనిషి మీద ఆశ వదులుకున్నట్టే లెక్క. అందుకని పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ ఎక్కేవాళ్లు, అన్నం గిన్నె ఎక్కేది, పక్కబట్టలు ఎక్కేవి. ఆ శ్రావణంలో, ముసురుకు బడి మూసేసిన ఒక ఉదయం, సముద్రం మీద వేటకు వెళ్లే వాళ్లింటి కోడలు నాగమణికి నొప్పులు మొదలయ్యాయి. తొలికాన్పు. వెనక సీట్లో నాగమణి, ఆమె అత్త వెంకమ్మ, తల్లి, ఇద్దరు మేనత్తలు. ముందు ఆమె భర్త, మేనమామ, నాన్న, తలుపుకు అతుక్కుని నేను. బందరు ఆసుపత్రికి బయల్దేరాం. కరకట్ట మీద కారు దిగబడలేదు. నాన్న నావైపు ఒక్క చూపు చూశాడు. గెలిచినవాడి చూపు.

అవనిగడ్డ దాటాక తారురోడ్డు గతుకుల్లో వెనకనుంచి చప్పుడు మొదలైంది, తిరగలిలో ఇసుక పోసి విసిరినట్టు. మొదట గతుకుకొకసారి, పోనుపోను ఆగకుండా. తరువాత కాలిన రబ్బరు వాసన. చల్లపల్లి ఇంకా రాకముందే ఎడమ టైరు పేలింది.

స్టెప్నీ పాత సైజుదే, ఎడమవైపు దాన్ని బిగించాడు. కుడివైపు పెద్ద టైరు మాత్రం అలాగే ఒరుసుకుంటోంది. "బరువు తగ్గాలి. నలుగురు దిగండి, బస్సులో రండి," అన్నాడు నాన్న, వానలో తడుస్తూ.

"దిగనంటే దిగను," అంది వెంకమ్మ. "పిల్లని దార్లో వదిలేసి నేను బస్సెక్కాలా? రేపు వాళ్ల పుట్టింటోళ్లు నా మొహాన ఉమ్మరా?"

"పుట్టింటోళ్లం ఇక్కడే ఉన్నాం గదా వదినా, ఉమ్మేదేదో ఇక్కడే ఉమ్ముతాం, ముందు దిగు!" అని నాగమణి తల్లి అరిచింది. తను మాత్రం కదల్లేదు. నాగమణి ఎవరి మాటా వినే స్థితిలో లేదు. నేను వానలోకి దిగి చక్రం దగ్గర కూర్చుని చూశాను. పిడికిలి కాదు, వేలు పట్టే సందు లేదు. అది చూపించి, "మీరు దిగితే ఇది పైకి లేస్తుంది వెంకమ్మత్తా, కావాలంటే చూడు," అన్నాను. ఒక్కొక్కరే దిగారు. కారు లేచింది. నా జీవితంలో నేను నెగ్గిన మొదటి వాదన అది, అరగంట ఆలస్యంగా నెగ్గాను.

నాగమణి బతికింది. బిడ్డ దక్కలేదు.

మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. దేవుడి చిత్తమని మా వాళ్లన్నారు, రాతని వాళ్ల వాళ్లన్నారు. వారం తిరక్కుండానే వెంకమ్మ ఎప్పటిలాగే ఎండురొయ్యలు తెచ్చి మా అరుగు మీద పోసింది. నాన్న ఆ మర్నాడే మళ్లీ ఐదు తొంభై టైర్లు వేయించాడు. మిగిలిన ఆ ఒక్క పెద్ద టైరును ఎవరి పడవకూ ఇవ్వలేదు, ఇంటి వెనక గొయ్యి తీసి పూడ్చాడు. టైరుకు చావుండని ఊళ్లో నేను చూసిన ఒకే ఒక్క చావు అది.

తరువాత బందరు కాలేజీలో డిబేట్లకు వెళ్లేదాన్ని. అనుకూలంగా అయిదు నిమిషాలు, ప్రతికూలంగా అయిదు నిమిషాలు మాట్లాడడం నేర్చుకున్నాను. ఆ అరగంట వల్లనే బిడ్డ పోయిందని వాదించగలను, ముందే పోయి ఉండవచ్చని కూడా అంతే గట్టిగా వాదించగలను. రెండు పక్షాలూ నిలబడే చోట మనిషికి విశ్రాంతి ఉండదని మాత్రం ఏ పోటీలోనూ ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మా ఊరికి సిమెంటు రోడ్డు పడింది. ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. మంచిదే, ఆనాడు అదుంటే బాగుండేది. రోగితో ఒక్కరినే ఎక్కించుకుంటుంది, మిగతావాళ్లు గుమ్మంలో నిలబడి చూస్తారు. వెంకమ్మ లేదు. నాగమణి వాళ్లు పెడన వైపు వెళ్లిపోయారు.

కొట్టాయన లోపలంతా వెతికి వచ్చాడు. "ఐదు తొంభై రావట్లేదండీ, తయారీయే తగ్గిపోయింది. కొంచెం పెద్దది వేస్తాను, నాలుగూ ఒకే సైజు."

"వెనక మడ్‌గార్డుకు తగులుతుందండీ," అన్నాను. గొంతు అవసరానికి మించి లేచింది.

ఆయన వంగి చూసి, చేతులు దులుపుకుంటూ అడిగాడు. "బండిలో ఎంతమంది తిరుగుతారండీ?"

"నేనొక్కదాన్నే. ఆదివారం చర్చికి."

"మరింకేంటి మేడం? వెనక బరువే లేనప్పుడు ఎక్కడ తగులుద్ది?"

ఆయన వాదనలో లోపం లేదు. వేయమన్నాను.

పామర్రు దాటి చల్లపల్లి వైపు మళ్లాక, గతుకులున్న చోట కూడా వేగం తగ్గించకుండా, కిటికీ అద్దం దించి చెవి పెట్టి విన్నాను. ఇంటిదాకా ఎక్కడా ఒరుసుకోలేదు.