మామ తుపాకిని అత్త అమ్మిన వైనం

మా మామ చనిపోయాక పొలం కొడుకులకు వచ్చింది, తుపాకి మా అత్తకు వచ్చింది. వచ్చిందన్న మాటే గాని చేతికి రాలేదు. లైసెన్సు మామ పేరున ఉండేది. మనిషి పోయాక లైసెన్సూ పోయినట్టేనని తుపాకిని కోడుమూరు ఠాణాలో పెట్టించారు. కొన్నాళ్ళకు కబురు వచ్చింది. లైసెన్సున్న వాళ్ళకు అమ్ముకుంటే అమ్ముకోవచ్చు, లేకుంటే సర్కారు తీసుకుని విరగ్గొట్టేస్తుందట.

"విరగ్గొడతారా? వాళ్ళబ్బ సొమ్మా?" అంది అత్త.

అది నవాబుల కాలం నాటి ఒత్తి తుపాకి. నిప్పంటించిన ఒత్తితో మందు వెలిగిస్తే పేలాలి. అది పేలగా విన్నవాళ్ళు మా ఇంట్లో లేరు. ఏటా దసరాకు పసుపు, కుంకుమ, ఆముదం పూయించుకోవడం తప్ప దానికి వేరే పని ఉండేది కాదు.

అవి యుద్ధం రోజులు. అమ్ముకోవడానికి కలెక్టరు కచేరీ నుంచి అనుమతి వచ్చేసరికి శెనక్కాయలు పెరికే కాలమైంది. మగవాళ్ళు పొలం వదిలి కదల్లేరు. అత్త తానే కర్నూలు పోతానంది. ఆ ఊరు ఎన్నడూ చూడని కోడళ్ళం, నేనూ, నేను అక్కా అని పిలిచే తోటికోడలూ, వెంటపడ్డాం.

"మీరెందుకే?"

"నీకు తోడు అత్తా."

"తుపాకి ఉండేదానికి తోడెందుకే?" అంటూనే సరేనంది.

తుపాకిని మా చేతికి ఇవ్వకూడదు కాబట్టి ఠాణావాళ్ళు ఒక కానిస్టేబుల్ని వెంట పంపారు. ఎర్ర తలపాగా, పెద్ద మీసాలు. మనిషి శానా మర్యాదస్తుడు. మేము బండిలో వెనక కూర్చున్నాం. ఆయన తుపాకిని రెండు మోకాళ్ళ నడుమ నిలబెట్టుకుని, దాని మూతి తన గడ్డం కింద ఆనించుకుని ముందు కూర్చున్నాడు.

దారిలో ఒక ఊళ్ళో నీళ్ళకోసం బండి ఆపాం. పోలీసు, తుపాకి, ముగ్గురు ఆడవాళ్ళు. క్షణంలో జనం మూగారు.

"ఏమప్పా, యాడికి పట్టకపోతాండావు ఈళ్ళని?" అన్నాడొకాయన.

కానిస్టేబుల్ సంగతి చెప్పబోయేలోగా ఒక అవ్వ బండి దగ్గరికి వచ్చి, జాలిగా అత్త చెయ్యి పట్టుకుంది. "ఎవుర్ని కాల్చినావు తల్లీ?"

అత్త ముఖంలో నవ్వన్నది లేదు. "ఇంకా కాల్చలేదవ్వా. కర్నూల్లో పనుండాది."

అవ్వ చెయ్యి వదిలేసింది. జనం రెండడుగులు వెనక్కి జరిగారు. "అమ్మా, నా ఉద్యోగం తీస్తావా ఏంది!" అని కానిస్టేబుల్ బండివాణ్ణి తొందరపెట్టాడు. అక్క నా ఒళ్ళో తల పెట్టుకుని నవ్వింది. నాకు ఎక్కిళ్ళు వచ్చాయి. ఊరు దాటాక చూస్తే కానిస్టేబుల్ భుజాలు కూడా ఎగిరిపడుతున్నాయి.

ఆ రాత్రి చుట్టాలింట్లో పడుకుని, పొద్దున్నే కర్నూలు పాతపేటలో తుపాకుల దుకాణానికి వెళ్ళాం. దుకాణం ముసలి సాయెబుది. ఆయన తుపాకిని అటూ ఇటూ తిప్పి, "దీన్ని కాలిస్తే కాల్చినోడే పోతాడమ్మా. ఇనుము ధర ఇస్తా," అన్నాడు.

తర్వాత సన్నటి ఇనుప కడ్డీని గొట్టంలోకి దించాడు. సగంలోనే ఆగిపోయింది. సాయెబు ముఖం మారింది. "లోపల మందుండాది."

కానిస్టేబుల్ ఎప్పుడు లేచాడో తెలియదు, వీధికి అవతలి పక్కన కనిపించాడు. దారంతా గడ్డం కింద పెట్టుకుని వచ్చాడు మరి! మేము ముగ్గురం ఒకరినొకరం కరుచుకుపోయాం. సాయెబు కాస్త నీళ్ళు పోసి, నానబెట్టి, మెల్లగా గీకి లాగాడు. గుడ్డపీలికలు వచ్చాయి, వాటి వెనక కొర్రలు జలజలా రాలాయి. ఏ కాలంలోనో ఎలుక దాచుకున్న తిండి. అందరికంటే గట్టిగా సాయెబే నవ్వాడు.

ఆ నవ్వులోనే తడి చేత్తో గొట్టం తుడుస్తూ ఆగిపోయాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న ఆముదం మురికి లేచిన చోట తెల్లగా గీత మెరిసింది. కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు. మాకూ తలా ఒక గుడ్డ ఇచ్చాడు. రుద్దేకొద్దీ వెండి తీగలు, తీగల మీద చిలకలు, మూతి దగ్గర పులి ముఖం. ఆ పులికి మీసాలున్నాయి.

"మీ మామ మాదిరే ఉండాడు," అని అత్త పకపకా నవ్వింది. మామ పోయాక ఆమె అట్లా నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నేను తొలుత చెప్పింది తప్పు. ఇది కాల్చేది కాదు, చూసుకునేది," అని సాయెబు ధర చెప్పాడు. అత్తకు నోట మాట రాలేదు. చాలదనుకుంటోందేమోనని సాయెబు కాస్త పెంచాడు. అత్త ఇంకా నోరు తెరవలేదు. ఆయన మళ్ళీ పెంచాడు. అప్పుడు అక్క అత్తను గిల్లింది. "సరేనప్పా," అంది అత్త గాభరాగా.

అనుమతి కాగితం చూపించి, అత్త వేలిముద్ర వేసింది. కానిస్టేబుల్ సాక్షి సంతకం పెట్టి, బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు.

బండిని ముందే పంపేసి, అత్త మమ్మల్ని బస్సెక్కించింది. ముగ్గురికీ అదే మొదటి బస్సు. పెట్రోలు కరువు కాబట్టి వెనకాల పీపాలో బొగ్గు మండించి నడిపేవాళ్ళు. గట్టు ఎక్కలేక అది ఆగిపోతే అందరూ దిగి తొయ్యాల్సి వచ్చింది. అత్త కొంగు నడుముకు దోపి, "తొయ్యండే, తొయ్యండే!" అని అందరికంటే ముందు భుజం ఆనించింది. బస్సు ఒక్కసారిగా ఇంత బొగ్గుపొగ మా ముఖాల మీద ఊదింది.

కోడుమూరులో దిగేసరికి మా ఆయన మాకోసం ఎదురుచూస్తున్నాడు. నల్లగా ఉన్న మా ముగ్గురినీ చూసి పక్కకు తప్పుకుని, "ఎవురమ్మా మీరు, యాడికి పోవాల?" అని అడిగాడు.