పగలు కథ చెప్పని పంతులమ్మ

మా కబీలియా కొండల్లో పగలు కథ చెప్పకూడదు. చెబితే జుట్టు రాలిపోతుందని పుట్టిన ప్రతివాడికీ తెలుసు. తెలిసి కూడా ఫెర్రూజా ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి, ముప్పైమంది పిల్లల ముందు రాక్షసి కథ ఎత్తుకుంది. అదీ ఆ పిల్ల తెగువ!

నేను ఆ బడిలో వంటమనిషిని. ఫెర్రూజాను పుట్టినప్పటినుంచీ ఎరుగుదును. తండ్రి లేడు, తల్లి దుప్పట్లు నేసి చదివించింది. పట్నంలో చదివి, అక్కడ ఉద్యోగం ఇస్తామన్నా కాదని కొండెక్కి వచ్చేసింది. బళ్లలో మా భాష చెప్పడం అప్పుడే మొదలైంది, పుస్తకాలు ఇంకా చేరలేదు. "పుస్తకాలు లేకపోతేనేం, అవ్వల కథలున్నాయిగా" అని వాటినే పిల్లలకు తగ్గట్టు తిరగరాసి అక్షరాలు నేర్పసాగింది.

ఈ సంగతి జుహర్ అవ్వ చెవిన పడింది. ఆమె మనవరాలు మల్హాకు రెండేళ్లుగా బడికొస్తున్నా తన పేరు రాయడం కూడా రాదు.

"ఏమే ఫెర్రూజా, పిల్లలందర్నీ బోడిగుండ్లు చేసి పంపుదామనా?" అంటూ అవ్వ విరుచుకుపడింది.

"నీ కథే కదవ్వా, నువ్వు చెప్పిందే!"

"నేను చెప్పింది పొద్దుగూకాక, పొయ్యి దగ్గర! ఇంకోసారి పగలు నోరు విప్పావంటే ఊరి పెద్దల్లో పెడతా. ఆలివ్‌లు ఏరడం అయ్యేలోపు మా మల్హాకు చదవడం రాలేదో, బడి మాన్పించేస్తా. మేకలన్నా కాస్తుంది."

నాకు ఒళ్లు మండి గరిటెతో బయటికొచ్చాను. ఫెర్రూజా కళ్లతోనే నన్ను ఆపింది. "సరే అవ్వా, నీ మాటే. పగలు నా నోట కథ రాదు" అంది.

నిజంగానే రాలేదు. మర్నాటి నుంచి కథ నల్లబల్ల మీద రాసేది. సరిగ్గా రాక్షసి తలుపు తట్టే చోట సుద్దముక్క కింద పెట్టేసేది. "తర్వాతేమైంది టీచర్?" అని అడిగితే పెదవుల మీద వేలు. ఏమైందో తెలియాలంటే మిగతాది మర్నాడు చదువుకోవాలి, లేదా ఎవరికి తోచింది వాళ్లు కాగితం మీద రాయాలి. మల్హా మొదట ఏడ్చింది. పక్కపిల్లను అడిగితే ఆ పిల్ల తన రెండు జడలూ గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఇక చేసేది లేక మల్హా నల్లబల్ల దగ్గరికే వెళ్లి, ఒక్కో అక్షరం కూడబలుక్కోవడం మొదలుపెట్టింది.

ఆలివ్‌లు గానుగకు చేరిన వారం, మిట్టమధ్యాహ్నం జుహర్ అవ్వ వచ్చింది. "లేవే, పద" అంది.

మల్హా కాగితం మీదనుంచి తలెత్తలేదు. "ఉండవ్వా, రాక్షసి పని ఇంకా అవలేదు."

"నా రాక్షసి సంగతి నాకే చెబుతావా? బావిలో పడి చస్తుంది."

"నా కాగితంలో చావదు."

అవ్వ తెల్లబోయింది. "మరేమవుతుంది?"

మల్హా చెయ్యి జుట్టు మీదికి పోయింది. అవ్వ ఆ కాగితం లాక్కుని తలకిందులుగా పట్టుకుని చూసింది, మళ్లీ పిల్లకే ఇచ్చేసింది.

"చదువు. చెప్పేది నువ్వు కాదుగా, కాగితం. రాలితే దాని జుట్టే రాలుతుంది."

మల్హా చదివింది. తడబడుతూ, వేలుతో గీతలు వెతుక్కుంటూ చివరిదాకా చదివింది. "రాక్షసి ముసలిదైపోయింది. పళ్లు ఊడిపోయాయి. ఎవర్నీ తినలేదు. ఆకలేస్తుందని వచ్చి తలుపు తట్టింది. పిల్ల పాలలో రొట్టె నానబెట్టి పెట్టింది."

ఫెర్రూజా పైకే ఏడ్చేసింది. ఊరందరికీ కథలు చెప్పిన జుహర్ అవ్వ, తన కథ మరొకరి నోట వినడం అదే మొదలు. బెంచీ మీద కూలబడి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మేకల్ని నేను చూసుకుంటాలే. మళ్లీ చదవవే, తలుపు తట్టిన కాడినుంచి."